రాజీనామాకు ముందు రెడ్‌బస్ కథ చూడండి

కిరాణా దుకాణాలకు లెక్కల యాప్ చేయడానికి ఉద్యోగం మానేయనా అని అడిగారు. ఇప్పుడే వద్దండి.

2005 దీపావళికి ఊరెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామాకు, ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ ఆలోచన వచ్చింది. అప్పుడాయన బెంగళూరులో ఇంజనీరు. మిత్రులతో కలిసి బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తే, వాళ్లు పెద్దగా ఆసక్తి చూపలేదు. వాళ్ల దిగులంతా ఖాళీ సీట్ల గురించే! దాంతో దారి మార్చి, కొన్ని సీట్లిస్తే మేమే అమ్మిపెడతామన్నారు. సంస్థ 2006లో మొదలైంది.

మీరూ సెలవు రోజుల్లో కోడ్ పక్కనపెట్టి దుకాణాల్లో కూర్చోండి. అరువు ఖాతా ఎలా రాస్తున్నారో, రాత్రి షట్టర్ దించేముందు ఏ లెక్క తేలక తల పట్టుకుంటున్నారో చూడండి. ‘బాగుంది బాబూ’ అన్న మాటను నమ్మకండి (మనవాళ్లు మొహమాటానికి అందరితోనూ అంటారు). నెలకు వంద రూపాయలైనా చేతిలో పెట్టేవాళ్లు నలుగురు దొరికాక, అప్పుడు ఇంట్లో రాజీనామా మాట ఎత్తండి.