తంజావూరులో ఎత్తుగా కనిపించేది గోపురమా, విమానమా?

సందేహం: ఈమధ్య తంజావూరు పెద్ద గుడి చూసి వచ్చాం. మా కాలనీ సావనీర్‌కు ఆ యాత్ర గురించి రాస్తూ 'రాజరాజ చోళుడు కట్టించిన 216 అడుగుల గోపురం' అన్నాను. సావనీర్ పని చూసే మాస్టారు 'గోపురం' కొట్టేసి 'విమానం' అని దిద్దారు. ఇంట్లో పిల్లలేమో 'గుడి మీద విమానమేంటమ్మా' అని ఒకటే నవ్వు. పుట్టినప్పటి నుంచీ గుడి పైన ఉన్నదాన్ని గోపురమనే అంటున్నాం కదా, అది తప్పా? పనిలో పనిగా, చోళులు అనాలో చోడులు అనాలో కూడా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: మాస్టారు దిద్దింది సరైనదే. అలాగని మీరు రాసింది తెలుగు కాదనడానికీ వీల్లేదు. ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నదే చూడాలి.

గోపురం అసలు గుడికి సంబంధించిన మాట కాదు, ఊరికి సంబంధించింది. సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఈ మాట పురవర్గంలో, అంటే ఊళ్లకు సంబంధించిన మాటల భాగంలో, వస్తుంది: 'పురద్వారం తు గోపురమ్'. ఊరి వాకిలి గోపురం. గుడి చుట్టూ ప్రాకారాలు లేచి, వాటికి ఊరి కోటకు ఉన్నట్టే ద్వారాలు పెట్టాక ఆ పేరు గుడి వాకిలికి దిగింది. అందుకే శిల్పశాస్త్రం తెలిసినవాళ్లు ప్రాకార ద్వారం మీద లేచినదాన్నే గోపురం అంటారు. గర్భగుడి మీద, అంటే సరిగ్గా మూలవిరాట్టు తల మీదుగా లేచినది విమానం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే పునాది నుంచి కలశం దాకా గర్భగుడి కట్టడం మొత్తం విమానమే.

తంజావూరులో ఈ తేడా కళ్లకు కడుతుంది. బయటి వాకిలి దాటగానే మీరు ఐదు అంతస్తుల కేరళాంతకన్ తిరువాసల్ కింది నుంచి వెళ్లి ఉంటారు. ఆ తర్వాత దానికన్నా పొట్టిది, వెడల్పైనది రాజరాజన్ తిరువాసల్. ఇవి రెండూ గోపురాలు. 'వాసల్' అంటే మన వాకిలే. ఆ రెండో వాకిలి దాటి విశాలమైన ఆవరణలోకి అడుగుపెట్టాక, నంది మండపం వెనక ఆకాశంలోకి లేచి కనిపించేది విమానం. దాదాపు 216 అడుగులన్నది దాని ఎత్తే. మీరు 'గోపురం 216 అడుగులు' అని రాస్తే, ఆ గుడి చూసినవాళ్లు మీరు ఏ వాకిలి గురించి చెబుతున్నారా అని తికమకపడతారు.

దీనికి సాక్ష్యం ఆ గోడల మీదే ఉంది. రాజరాజు తన 26వ పాలనా సంవత్సరంలో ఇచ్చిన ఆజ్ఞ అక్కడి శాసనంలో ఉంది. మేం ఇచ్చినవీ, అక్క ఇచ్చినవీ, మా భార్యలు ఇచ్చినవీ, ఇంకా ఇచ్చినవాళ్లు ఇచ్చినవీ అన్నీ 'శ్రీవిమానం' రాతి మీద చెక్కండి అని దాని సారాంశం. శిఖరం మీద పెట్టడానికి బంగారు రేకు తొడిగిన రాగి కలశం ఇచ్చినప్పుడు కూడా శ్రీవిమానానికనే రాయించాడు. కట్టించినవాడు నోరారా విమానం అన్నదాన్ని మనం గోపురం అనడం ఎందుకు?

ఆ శాసనంలో రాజు 'అక్క' అన్నది కుందవ్వను. రాజరాజు కూతురి పేరూ కుందవ్వే. ఆ కూతుర్ని వేంగి చాళుక్య విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ల కొడుకే రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించినవాడు. మన ఆదికావ్యానికి పూనుకున్న రాజు తంజావూరు విమానం కట్టించిన రాజుకు స్వయానా మనవడు, తాతగారి పేరు పెట్టుకున్నవాడు. తంజావూరు వెళ్లే తెలుగువాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మరి ఇంతమంది గోపురం అని ఎందుకు అంటున్నారు? ఒక కారణం, ఈ రోజుల్లో మనవాళ్లు ఎక్కువగా వెళ్లే అరుణాచలం. అక్కడి తూర్పు రాజగోపురం 217 అడుగులు. 16వ శతాబ్దంలో కృష్ణదేవరాయలు మొదలుపెట్టగా తంజావూరు నాయకరాజు సెవ్వప్ప నాయకుడు పూర్తి చేయించాడు. తంజావూరు విమానానికీ దీనికీ ఎత్తులో అడుగు తేడా, అంతే. కానీ ఒకటి గర్భగుడి మీద, ఒకటి వీధి వాకిలి మీద. రాజరాజు 1010 నాటికి గర్భగుడిని ఆకాశానికి ఎత్తి వాకిళ్లను చిన్నవిగా ఉంచాడు. ఆ తర్వాతి వందల ఏళ్లలో ఈ లెక్క తిరగబడింది. గర్భగుడి పాతది, చిన్నది అలాగే ఉంటుంది, వాకిళ్లు పెరుగుతూ పోతాయి. చిదంబరం, కంచి, మధుర, శ్రీరంగం అన్నీ ఈ తీరే. అరుణాచలం చూసిన కళ్లతో తంజావూరు వెళితే ఎత్తైనదల్లా గోపురమే అనిపించడం సహజం.

రెండో కారణం మన ఊళ్లలోనే ఉంది. ఊరి రామాలయానికి ప్రాకారమూ ఉండదు, వాకిలి మీద కట్టడమూ ఉండదు. ఉండేది గర్భగుడి మీద ఒక్కటే. దాన్నే జనం గోపురం అన్నారు. అలా ఆ మాట తెలుగులో 'గుడి మీద ఎత్తుగా లేచినది' అన్న అర్థానికి విస్తరించింది. అంతటితో ఆగక 'బాబెలు గోపురం' దాకా వెళ్లింది. వ్యవహారంలో ఇంతగా నిలిచినదాన్ని తప్పు అనడం నాకు సమ్మతం కాదు. పైగా జనం తేడా మరిచిపోలేదు కూడా. వాకిలి మీద ఉన్నదానికి 'గాలిగోపురం' అని వేరే చక్కటి మాట పెట్టుకున్నారు. మంగళగిరిలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన 11 అంతస్తుల కట్టడాన్ని ఎవరూ ఉత్త గోపురం అనరు, గాలిగోపురమే అంటారు. శ్రీకాళహస్తిలో 2010లో కూలిపోయిన రాయలవారి కట్టడాన్నీ అందరూ అలాగే అన్నారు. అంటే ఊళ్లో గోపురానికీ గాలిగోపురానికీ మధ్య ఉన్న తేడానే శాస్త్రంలో విమానానికీ గోపురానికీ మధ్య ఉన్న తేడా.

ఇక మీ పిల్లల నవ్వు సంగతి. ఈ అర్థంలో విమానం అరవ మాటేమీ కాదు. తిరుమలలో గర్భగుడి మీద బంగారు తాపడంతో మెరిసేది ఆనందనిలయ విమానం. దాని మీద వెండి మకరతోరణం మధ్య ఉన్న స్వామి విమాన వేంకటేశ్వరుడు. ఆ చుట్టూ తిరగడం విమాన ప్రదక్షిణం. దర్శనం అయ్యాక తలెత్తి దండం పెట్టుకునేటప్పుడు ఏ పిల్లవాడికీ ఎయిర్‌పోర్టు గుర్తుకు రాదు. సంస్కృతంలో ఈ మాటకు ఆకాశంలో తిరిగే రథమనీ, అంతస్తులున్న మేడ అనీ రెండర్థాలూ పాతవే. ఎగిరే యంత్రం వచ్చాక దానికి మొదటి అర్థం చూసి ఆ పేరు పెట్టుకున్నాం. కొత్తగా వచ్చింది అది, గుడి మీదిది కాదు.

పత్రికల్లో 'విమాన గోపురం' అని కలిపి రాయడం చూస్తుంటాం. యాదగిరిగుట్ట బంగారు తాపడం వార్తల్లో ఇదే మాట. శాస్త్రం ప్రకారం పొసగని జంటే అయినా, చదివేవాడికి వెంటనే బోధపడుతుంది కాబట్టి వార్తకు నేను అభ్యంతరం చెప్పను. తంజావూరు గురించి రాసేటప్పుడు మాత్రం మొదటిసారి 'గర్భగుడి మీది విమానం' అని రాయండి. ఆ తర్వాత విమానం చాలు. 'శిఖరం' కూడా వద్దు. ఉత్తరాది గుళ్లలో మొత్తం కట్టడాన్ని శిఖరం అంటారు గానీ, ఇక్కడ కలశం కింద ఉండే ఆ ఎనిమిది పలకల గుమ్మటం ఒక్కటే శిఖరం. దాని నీడ నేల మీద పడదని గైడ్లు చెప్పి ఉంటే, దయచేసి సావనీర్‌లో రాయకండి. ఎండ ఏటవాలుగా పడే వేళ ఆవరణలో నిలబడితే నీడ కనిపిస్తుంది.

చోళులా, చోడులా అన్న మీ రెండో సందేహం చిన్నదే. రెండు రూపాలూ ఒప్పే. తమిళంలో ఆ పేరులో ఉన్నది మన ళ కాదు, నాలుకను వెనక్కి మడిచి పలికే వేరే అక్షరం. ఒకప్పుడు తెలుగు శాసనాల్లోనూ ఉండేది, ఱ కంటే ముందే పోయింది. పోయినప్పుడు చాలాచోట్ల డగా మారింది. వాళ్ల ఏళు మనకు ఏడు, వాళ్ల కోళి మనకు కోడి. ఆ దారిలోనే చోడ వచ్చింది. రేనాటి చోడులు, నన్నెచోడుడు అన్నప్పుడు చోడ అనే రాయాలి. తంజావూరు రాజులకు ఇప్పుడు చోళులు అన్నది స్థిరపడింది, అదే రాయండి. మలయాళంలోనూ ఉన్న ఈ అక్షరాన్ని ఇంగ్లీషులో zh అనే స్పెల్లింగు చూసి జ చేయడం మాత్రం కుదరదు. కోజికోడ్, ఆలప్పుజ అని పేపర్లలో కనిపిస్తున్నాయి. అవి కోళిక్కోడ్, ఆలప్పుళ.