పాఠకుల ప్రశ్నలు – జవాబులు: డిపాజిటర్లు ఎదురుచూసిన 26 ఏళ్లు

ప్రశ్న: సుమారు ఇరవై ఏళ్ల కిందట మా పేటలోని ఒక సహకార బ్యాంకు మూతపడింది. నా పదవీ విరమణ సొమ్ములో సగానికి పైగా అందులోనే చిక్కుకుంది. పాస్‌బుక్ చేతపట్టుకుని రోజుల తరబడి ఆ మెట్ల మీద నిలబడ్డాను. చివరికి బీమా కింద లక్ష రూపాయలు చేతికి వచ్చాయి, మిగతాది రాలేదు. ఈమధ్య మా మనవరాలి చరిత్ర పుస్తకంలో 1907 నాటి అమెరికా బ్యాంకుల సంక్షోభం గురించి చదివాను. అంత దెబ్బ తిన్నాక కూడా అక్కడ దేశమంతటికీ డిపాజిట్ల బీమా చట్టం 1933లో గానీ రాలేదట. అది సంస్కరణల కాలమని అంటారు కదా, మరి ఆ 26 ఏళ్లూ ఏం చేసినట్టు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: మాస్టారూ, ఆ 26 ఏళ్లలో సంస్కరణలు చాలానే జరిగాయి. వాటిలో పెద్దది బ్యాంకులను నిలబెట్టడానికి వచ్చింది. మెట్ల మీద నిలబడిన మనిషిని నేరుగా ఆదుకునే చట్టం మాత్రం అన్నిటికన్నా చివర వచ్చింది.

1907 అక్టోబర్ నాటికే న్యూయార్క్‌లో నగదుకు కటకటగా ఉంది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో భూకంపానికి, మంటలకు నాశనమైన శాన్‌ఫ్రాన్సిస్కో కోసం బంగారం పశ్చిమానికి తరలిపోయింది. పైగా పంటలు కొనే రోజులు రాగానే నగరాల నుంచి పల్లె బ్యాంకులకు నగదు పోవడం ఏటా ఉన్నదే. అవసరాన్ని బట్టి నోట్లు పెంచే కేంద్ర బ్యాంకు ఆ దేశానికి అప్పట్లో లేదు. సరిగ్గా అదే సమయంలో రాగి గనుల వ్యాపారి అగస్టస్ హైంజ్, అతని సోదరుడు యునైటెడ్ కాపర్ కంపెనీ షేర్లన్నిటినీ గుప్పిట్లో పెట్టుకోబోయి చేతులు కాల్చుకున్నారు. వారితో లావాదేవీలున్నాయన్న అనుమానంతో అక్టోబర్ 22న డిపాజిటర్లు నికర్‌బాకర్ ట్రస్ట్ కంపెనీ మీద పడ్డారు. మూడు గంటలు కూడా గడవకముందే దాదాపు 80 లక్షల డాలర్లు చెల్లించి ఆ సంస్థ చేతులెత్తేసింది. న్యూయార్క్‌లోని జాతీయ బ్యాంకులు డిపాజిట్లలో నాలుగో వంతు నిల్వ ఉంచాలన్న నియమం ఉండేది కానీ, డిపాజిట్లు తీసుకుంటూనే ఆ కట్టుబాటు లేకుండా తిరిగిన ట్రస్టుల దగ్గర ఉన్న నగదు 5 శాతం దరిదాపుల్లోనే ఉండేది. భయం మరో ట్రస్టుకు పాకినప్పుడు, వరుసలో తమ బదులు నిలబడటానికి కూలి ఇచ్చి మనుషులను పెట్టుకున్నవారు కూడా ఉన్నారు.

ఆ గండం గట్టెక్కించింది ప్రభుత్వం కన్నా ఎక్కువగా 70 ఏళ్ల న్యూయార్క్ బ్యాంకర్ జె.పి. మోర్గాన్. నవంబర్ మొదట్లో ఒక రాత్రి ఆయన ట్రస్టుల అధ్యక్షులను తన గ్రంథాలయానికి పిలిపించి, తలుపులకు తాళం వేయించి, తెల్లవారుజామున సొమ్ము సర్దుతామని సంతకాలు పెట్టేదాకా వారిని కదలనివ్వలేదు. దేశం బతుకు ఒక వృద్ధుడి మాట మీద ఆధారపడి ఉండటం పాలకులకు భయం పుట్టించింది. 1913 డిసెంబర్ 23న అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ సంతకం చేసిన, ఆ దేశానికి కేంద్ర బ్యాంకు వ్యవస్థను తెచ్చిన ఫెడరల్ రిజర్వ్ చట్టానికి మూలం ఆ భయమే. చట్టం కింద ఏర్పడిన 12 ప్రాంతీయ రిజర్వ్ బ్యాంకులు నగదుకు ఇబ్బంది పడే బ్యాంకుకు అప్పు ఇస్తాయి, దివాలా తీసిన బ్యాంకులో సొమ్ము దాచుకున్నవారికి మాత్రం ఏమీ ఇవ్వవు. సెనేట్ ఆమోదించిన బిల్లులో డిపాజిట్ల హామీ కూడా ఉండేది. ఉభయ సభల మధ్య సర్దుబాటులో దాన్ని తీసేశారు. మీ ప్రశ్నకు అసలైన జవాబు ఆ ఒక్క కొట్టివేతలో ఉందని నేను అనుకుంటాను.

సామాన్యుడికి ఆ రోజుల్లో దక్కినది పోస్టాఫీసు పొదుపు. మన దేశంలో 1882 నుంచే ఉన్న ఈ సదుపాయం అమెరికాలో 1910లో చట్టమై, 1911 జనవరిలో మొదలైంది. బ్యాంకులను నమ్మలేని వలస కూలీలు అంతకు ముందు తపాలా కార్యాలయంలో తమ పేరున తామే మనీ ఆర్డర్ కొనుక్కుని, వడ్డీ రాకపోయినా సరేనని, ఆ కాగితాన్ని భద్రంగా దాచుకునేవారు. ఎవరికీ పంపని మనీ ఆర్డర్ అది! కొత్త పథకంలో కనీస డిపాజిట్ ఒక డాలరు. అంత సొమ్ము ఒకేసారి లేనివారు 10 సెంట్ల కార్డు కొని, దాని మీద 10 సెంట్ల బిళ్లలు ఒక్కొక్కటే అంటిస్తూ డాలరు పూర్తి చేసుకోవచ్చు. ఖాతా తెరిచినవారిలో విదేశాల్లో పుట్టినవారే అధికం. అయితే బ్యాంకర్ల అభ్యంతరాలను చల్లార్చడానికి వడ్డీని 2 శాతానికి, ఒక్కొక్కరి ఖాతాను తొలుత 500 డాలర్లకు పరిమితం చేశారు. అలా వచ్చిన సొమ్మును తిరిగి స్థానిక బ్యాంకుల్లోనే ఉంచే ఏర్పాటు కూడా చేశారు. పేదవాడికి ఇచ్చిన మేలును ఇంత జాగ్రత్తగా కత్తిరించడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

కొన్ని రాష్ట్రాలు ఇంకాస్త ధైర్యం చేశాయి. 1907 డిసెంబర్‌లో ఓక్లహామా తన బ్యాంకుల డిపాజిట్లకు హామీ నిధి పెట్టింది, తర్వాత మరో ఏడు రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఒకే ప్రాంతంలో, అవే పంటల మీద బతికే చిన్న చిన్న బ్యాంకులు కలిసి పెట్టుకున్న నిధి, 1920లలో పంటల ధరలు పడిపోయి అవన్నీ ఒకేసారి దెబ్బతింటే తట్టుకోగలదా? 1930 నాటికి ఆ ఎనిమిదింటిలో ఒక్కటీ మిగల్లేదు.

ఆ ఏడాదే డిసెంబర్ 11న న్యూయార్క్‌లో ‘బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్’ మూతపడింది. అది ప్రైవేటు బ్యాంకే అయినా, పేరు చూసి ప్రభుత్వ బ్యాంకని నమ్మిన వలస కుటుంబాలు ఎన్నో. బట్టలు కుట్టే కార్మికులతో సహా దాదాపు 4 లక్షల మంది సొమ్ము అందులో ఉండిపోయింది. అది ఫెడరల్ రిజర్వ్‌లో సభ్యత్వం ఉన్న బ్యాంకు కూడా! 1930 నుంచి 1933 వరకు దేశం మొత్తం మీద దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. 1933 మార్చిలో కొత్త అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించి, పరిశీలించాక వాటిని దశలవారీగా తెరిపించాడు.

ఇంత జరిగినా డిపాజిట్ల బీమా సులువుగా రాలేదు. మంచి బ్యాంకులు చెడ్డ బ్యాంకుల తప్పులకు మూల్యం చెల్లించాల్సి వస్తుందని పెద్ద బ్యాంకర్లు వాదించారు. రూజ్‌వెల్ట్‌కు కూడా మొదట ఇష్టం లేదు. 1886 నుంచి 1933 వరకు అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌లో ఇలాంటి ప్రతిపాదనలు 150 దాకా వచ్చి వీగిపోయాయి. ఈసారి అలబామా ప్రతినిధి హెన్రీ స్టీగల్, సెనేటర్ ఆర్థర్ వాండెన్‌బర్గ్ వంటివారు పట్టు విడవలేదు, పల్లె పట్టణాల ప్రజలు వారి వెనక నిలిచారు. జూన్ 16న చట్టమైంది. 1934 జనవరి 1 నుంచి 2,500 డాలర్ల దాకా, జూలై నుంచి 5,000 డాలర్ల దాకా హామీ వచ్చింది. ఆ ఏడాది దేశమంతటా ఈ బీమా ఉన్న బ్యాంకుల్లో కూలినవి 9 మాత్రమే.

ప్రశ్న: మన దగ్గర బ్యాంకు డిపాజిట్ల బీమా కూడా ఇలాంటిదేనా? నా పేరున ఒకే బ్యాంకుకు చెందిన రెండు శాఖల్లో నాలుగేసి లక్షలున్నాయి. రెండూ భద్రమేనా?
– టైలరింగ్ దుకాణం నడుపుతున్న పాఠకురాలు, రాంనగర్, హైదరాబాద్

జవాబు: పద్ధతి అదేనమ్మా. 1960లో కేరళలోని పాలాయ్ సెంట్రల్ బ్యాంకు కూలిన తర్వాత చట్టం చేసి, 1962 జనవరి 1 నుంచి 1,500 రూపాయల పరిమితితో మన దగ్గర మొదలుపెట్టారు. అది 1993లో లక్షకు, 2020 ఫిబ్రవరిలో 5 లక్షలకు పెరిగింది. పైన మాస్టారికి లక్ష మాత్రమే రావడానికి కారణం ఇదే. ఒక బ్యాంకులో ఒక మనిషికి, అన్ని శాఖలూ కలిపి, అసలు వడ్డీలతో సహా 5 లక్షలే పరిమితి కనుక, మీ 8 లక్షల్లో బీమా ఉన్నది 5 లక్షలకే. మిగిలినది వేరే బ్యాంకులో వేసుకోవడం మేలు. 2021 సవరణ ప్రకారం, రిజర్వ్ బ్యాంకు ఆంక్షలతో సొమ్ము తీసుకోవడం ఆగిపోయినప్పుడు బీమా మొత్తాన్ని 90 రోజుల్లో చెల్లించాలి. చిట్టీలకు, పరపతి సంఘాల్లో వేసే సొమ్ముకు ఈ బీమా వర్తించదు. సహకార బ్యాంకు అయితే, సొమ్ము కట్టే ముందే దానికి ఈ బీమా ఉందో లేదో శాఖలో అడిగి తెలుసుకోండి.