సుమోలో పైకి రాలేమని తెలిసీ ముప్పై ఏళ్ళు ఎందుకు ఉండిపోతారు?

"యాభై దగ్గర పడుతున్నా కింది స్థాయిలోనే సుమో ఆడే వాళ్ళున్నారట, వాళ్ళకి ఇంట్లో ఎవరూ చెప్పరా?" అని ఒకరు అడిగారు. నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నాను, అందుకే రాస్తున్నా.

ఉద్యోగం మీద టోక్యోలో కొన్నేళ్ళున్నాను. 2019 జనవరి 14న సెలవు, చలిలో పొద్దున్నే సుమో హాలున్న ర్యోగొకు వెళ్ళి లైన్లో నిలబడి అన్నిటికన్నా చవక టికెట్ కొన్నాను. టీవీలో కనపడే పెద్దవాళ్ళ కుస్తీలు సాయంత్రం నాలుగు దాటాక గానీ ఉండవని అప్పుడు నాకు తెలీదు. పదకొండు వేల మంది పట్టే హాల్లో పట్టుమని వంద మంది లేరు. బరిలో అంతా స్కూలు వయసు పిల్లల్లా ఉన్నారు, వాళ్ళ మధ్య రెండు మోకాళ్ళకీ పట్టీలు కట్టుకున్న, జుట్టు పల్చబడిన ఒకాయన. అయిదు సెకన్లలో పడిపోయాడు. లేచి, వంగి నమస్కారం పెట్టి, వెళ్ళిపోయాడు. నిజం చెప్పొద్దూ, జాలేసింది.

పక్క సీటు పెద్దాయన నా మొహం చూసి నవ్వి, ఒక పెద్ద కాగితం విప్పాడు. దాన్ని బన్‌జుకె అంటారు, మల్లుల పేర్లన్నీ హోదా ప్రకారం రాసిన జాబితా. పైవాళ్ళ పేర్లు లావుగా ఉంటాయి, కిందికి దిగే కొద్దీ సన్నబడి అట్టడుగు వరుస చీమల బారులా ఉంటుంది. ఆ వరుసకి జపనీయులు పెట్టుకున్న ముద్దుపేరే భూతద్దం. అందులో ఒక పేరు దగ్గర వేలు పెట్టి "ఇప్పుడు పడ్డవాడు కుర్రాడే, ఇదిగో హనకజె, 48 ఏళ్ళు, ఇంకా ఆడుతున్నాడు" అన్నాడు.

ఇంటికొచ్చి రాత్రంతా ఆయన గురించే చదివాను. హనకజె దైజో 1986 మార్చిలో, పదిహేనేళ్ళ వయసులో, తత్సునమి హేయలో చేరారు. (హేయ అంటే మన అర్థం కాదు లెండి, తాలింఖానా లాంటిది, కాకపోతే తిండీ పడకా అన్నీ అక్కడే.) మొత్తం ఆరు మెట్లుంటే ఆయన కింది నుంచి మూడోదైన సాందన్మే దాటి ఎప్పుడూ పైకి పోలేదు. తమాషా ఏంటంటే అదే ఏడాది అదే హేయ నుంచి ఫుతహగురొ అనే ఆయన యొకొజున, అంటే మహామల్లుడు, అయ్యాడు. 1987 చివర్లో గురువుతో గొడవపడి వెళ్ళిపోయాడు. గొడవ మల్లులు తినే చాంకో అనే కూర రుచి దగ్గర మొదలైందంటారు. ఆ కూర వండే వంతు పడేది హనకజె లాంటి వాళ్ళకే!

ఇక అసలు ప్రశ్న. కింది నాలుగు మెట్ల వాళ్ళకి 15 రోజుల పోటీలో ఏడు కుస్తీలే. మొదటిది గెలిస్తే తర్వాత గెలిచినవాడితోనే పెడతారు, ఓడితే ఓడినవాడితో. అందుకని ఒక మోస్తరు మల్లుడికి 4-3, లేదంటే 3-4 వస్తుంది. నాలుగు గెలిస్తే కాస్త పైకి, మూడే గెలిస్తే కాస్త కిందికి. ఏడాదికి ఆరు పోటీలు, లిఫ్టులో తిరిగినట్టే. బయటికి తోసేసే వాళ్ళెవరూ లేరు, ఒక్క కుస్తీ పడితే చాలు పేరు కాగితం మీద ఉంటుంది. వాళ్ళకి వయసు పరిమితి కూడా లేదు.

డబ్బు కోసమైతే మాత్రం కాదు. జీతం పై రెండు మెట్లలోని 70 మందికే. మిగతా వాళ్ళకి రెండు నెలలకోసారి భత్యం, 2019 లో పెంచాక కూడా కింది నుంచి రెండోదైన జొనిదన్ మెట్టులో 88 వేల యెన్‌లు. పై నుంచి రెండోదైన జూర్యోలో అప్పట్లో నెలకే 11 లక్షలు! కింది రెండు మెట్ల వాళ్ళు జనవరి చలిలో కూడా పల్చటి నూలు యుకతాతో, చెక్క చెప్పులతో తిరగాలి, వయసు పదహారైనా నలభై ఎనిమిదైనా అదే రూలు.

అయితే చదువు లేక ఇరుక్కుపోయిన వాళ్ళేనా అంటే, ఇచినొయ అనే ఆయన ర్యూక్యూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి 1983 లో చేరి, 46 ఏళ్ళ దాకా ఆడి 2007 లో మానేశారు. ఆయనా సాందన్మే దాటలేదు. తర్వాత తకసగొ హేయకే మేనేజరయ్యారు. అందరికీ అలా కుదరదు, పదిహేనేళ్ళకే బడి మానేసి వచ్చి నలభై దాటాక బయటపడితే కష్టమే, దాన్ని నేను గొప్ప చేసి చెప్పను. కానీ వంట, కొత్త పిల్లలకి పని నేర్పడం, పెద్ద మల్లుల సేవ, ఇవన్నీ తెలిసిన పాతవాడు లేకపోతే హేయ నడవదు. అది వాళ్ళ ఇల్లు, బరి అందులో ఒక గది అంతే.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, అప్పటికి టెస్టింగ్‌లో నాది పదో ఏడు, నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు అంతకు ముందు నెలే నాకు మేనేజరయ్యాడు. ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా అదే పోస్టా?" అని ఒకటే టెన్షన్.

ఆ రోజు సాయంత్రం హాలు కిటకిటలాడింది. 19 ఏళ్ళ తర్వాత జపాన్‌లో పుట్టినవాడు యొకొజున అయ్యాడని జనం నెత్తిన పెట్టుకున్న కిసెనొసాతొ, ఇచినొజొ అనే మల్లుడి చేతిలో వరుసగా రెండో రోజు ఓడిపోయాడు. హాలంతా ఒక్కసారి ఉసూరుమంది. యొకొజునకి కిందికి దిగే మెట్టు ఉండదు, గెలవలేకపోతే మానేయాల్సిందే. మర్నాడూ ఓడి బుధవారం రిటైరయ్యాడు. వయసు 32, హనకజె చేరిన నాలుగు నెలలకి పుట్టాడు. ఆ కాగితం అడుగున హనకజె పేరు మాత్రం 2022 జనవరి దాకా ఉంది.