అడగండి, చెబుతాం: ఒక రాజుకి ఇద్దరు మంత్రులా?

ప్రశ్న: సెలవులకి మనవడు వచ్చాడు. రోజూ మధ్యాహ్నం చదరంగం ఆడుకుంటున్నాం. మొన్న వాడి బంటు చివరి గడికి చేరింది. వాడి మంత్రి బోర్డు మీద బతికే ఉంది, అయినా ఇంకో మంత్రి కావాలన్నాడు. చచ్చిన పావే లేవాలి, అదీ బంటు ఏ గడికి చేరిందో ఆ గడిలో ఆట మొదట్లో ఉండే పావే లేవాలి అన్నాను, మా నాన్నగారు నాకు నేర్పింది అదే. వాడు అలిగి అన్నం తినకుండా పడుకున్నాడు. ఎవరిది రైటు?
– ఒక తాతయ్య, తెనాలి

జవాబు: మనవడిదే రైటండీ. ముందు వాడికి అన్నం పెట్టించండి.

అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమాల్లో ఉన్నది ఇదే: చివరి వరుసకి చేరిన బంటు మంత్రి కావచ్చు, ఏనుగు కావచ్చు, బిషప్ కావచ్చు, గుర్రం కావచ్చు, అది ఆడేవాడి ఇష్టం, అంతకుముందు ఏ పావు చచ్చింది అన్నదానితో సంబంధం లేదు. లెక్కకైతే ఎనిమిది బంట్లూ చేరిపోయి, అసలుదాంతో కలిపి తొమ్మిది మంత్రులు ఉండొచ్చు. ఎదుటివాడు అంతదాకా ఆట వదిలేయకుండా కూర్చుంటాడా అన్నది వేరే సంగతి.

అలాగని మీ నాన్నగారు తప్పు నేర్పలేదు. ఆయన నేర్పింది మన పాత దేశవాళీ ఆట. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది, ఏ గడికి చేరితే ఆ గడి పావు అవుతుంది, మిగతా షరతులు ఒక్కో ఊళ్లో ఒక్కోలా. ఆ ఆట నేర్చుకుని పెరిగిన మీర్ సుల్తాన్ ఖాన్ ఇంగ్లండ్ వెళ్లి, వాళ్ల నియమాలతో ఆడి, 1929, 1932, 1933లో మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ఈ ముక్క మనవడికి చెప్పండి, మీ పరువు కొంత నిలుస్తుంది.

ఈ గొడవ మీ ఇంట్లోనే పుట్టింది కాదు. ఒకప్పుడు మంత్రి అంటే పాపం ఐమూలగా ఒక్క గడి కదిలే పావు, అలాంటివి రెండున్నా మూడున్నా ఎవరికీ బెంగ లేదు. యూరప్ వెళ్లాక అది రాణి అయింది. 15వ శతాబ్దం చివర్లో స్పెయిన్ వైపు దానికి ఇప్పుడున్న బలమంతా వచ్చింది. దాంతో ఒక రాజుకి ఇద్దరు రాణులేమిటి, ధర్మం కాదు అని కొందరు, ఇంత బలమైన పావు రెండోది ఇస్తే ఆటేం మిగులుతుంది అని కొందరు. మొదటి అభ్యంతరం మన దగ్గర నిలవదు. మనకది మంత్రి, రాజన్నాక పదిమంది మంత్రులుంటారు. రాణి అనే అనుకున్నా, తిరుమల గుడిలోకి వెళ్తుంటే కృష్ణదేవరాయలు అటు తిరుమలదేవి, ఇటు చిన్నాదేవితో దణ్ణం పెడుతూ నిలబడే ఉన్నాడుగా!

రెండో అభ్యంతరం కాస్త ఆలోచించాల్సిందే. మీ పద్ధతే పెట్టామనుకోండి. నా బంటు ఏడో వరుసలో, మంత్రి గడికి ఒక్క అడుగు దూరంలో ఉంది, నా మంత్రి బతికుంది. ఇక మీరు నా మంత్రిని చంపరు, ఎందుకంటే చంపితే అదే మళ్లీ లేస్తుంది. నేనేమో నా మంత్రిని ఎలా చంపించుకోవాలా అని చూస్తుంటాను. సొంత మంత్రి బతికుండటం నాకే నష్టమైపోయింది! ఇంకా విడ్డూరం, ఏ పావూ చావకపోతే బంటు చివరి గడిలో ఊరికే నిలబడాలి. ఇప్పటి నియమంలో ఈ తలనొప్పి ఉండదు. ఆరో వరుసకి చేరిన బంటుని చూసి ఎదుటివాడికి టెన్షన్ మొదలవుతుంది, దాన్ని ఆపడానికి ఏనుగునో గుర్రాన్నో కాపలా పెడతాడు. ఆటలో సగం అందం అక్కడే ఉంది.

రెండో మంత్రి వస్తే ఆట అయిపోయినట్టే అనుకోకండి. ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేవాణ్ణి తేల్చే 1959 క్యాండిడేట్స్ టోర్నమెంటులో, తర్వాత ప్రపంచ ఛాంపియన్లయిన పదహారేళ్ల ఫిషర్, పెట్రోస్యాన్ ఆడిన ఆటలో ఒక దశలో ఇటు రెండు, అటు రెండు, మొత్తం నాలుగు మంత్రులు. చివరికి డ్రా.

మనవడికి కూడా ఒక చురక వేయండి, ప్రతిసారీ మంత్రే అడగకూడదని. 1895లో గ్లాస్గోలో ఉండే సావెద్రా అనే స్పానిష్ మతగురువు కనిపెట్టిన ఎత్తు ఒకటుంది. తెల్లవాడికి రాజు, ఒక బంటు; నల్లవాడికి రాజు, ఒక ఏనుగు. బంటు మంత్రి అయితే నల్ల ఏనుగు ఎదురుగా వచ్చి చెక్ చెప్పి నన్ను తినమంటుంది, తింటే మూలనున్న నల్ల రాజుకి కదలడానికి గడి ఉండదు, స్టేల్‌మేట్, డ్రా. అదే బంటు ఏనుగు అయితే తెల్లవాడు గెలుస్తాడు. బోర్డు మీద పెట్టి వాడినే కనిపెట్టమనండి, ఓ పూట గడిచిపోతుంది.

ప్రశ్న: రెండో క్వీన్ దొరకనప్పుడు ఏనుగుని తలకిందులుగా పెట్టి ఆడతాం. టోర్నమెంటులో చెల్లుతుందా?
– డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: చెల్లదమ్మా. ఇంట్లో ఏదైనా నడుస్తుంది. మా ఇంట్లో రెండో మంత్రి ఎప్పుడూ ఓ చింతగింజే, ఓసారి ఆట మధ్యలో మా చెల్లెలు దాన్ని నోట్లో వేసుకుంది కూడా. టోర్నమెంటులో మాత్రం తలకిందులుగా పెట్టినా ఏనుగు ఏనుగే.

2017లో మాంట్రియల్‌లో కెనడా ఛాంపియన్‌షిప్ టై బ్రేక్‌లో సరిగ్గా ఇదే జరిగింది. నల్ల పావులతో ఆడుతున్న నోరిట్సిన్ దగ్గర సెకన్లే మిగిలాయి, బంటు చేరింది, బల్ల మీద వెతికితే నల్ల మంత్రి లేదు. చచ్చిన ఆ మంత్రి ఎదుటి ఆటగాడు సంబుయెవ్ చేతిలో ఉండిపోయింది. నోరిట్సిన్ ఏనుగుని తిరగేసి పెట్టి క్వీన్ అన్నాడు. ఆర్బిటర్, అంటే ఆట రిఫరీ, వచ్చి, అది ఏనుగే అని తేల్చాడు. ఆట పోయింది, టైటిల్ పోయింది. నన్నడిగితే నియమం ప్రకారం ఆర్బిటర్ చేసింది కరెక్టే, కానీ ఆ కుర్రాడి స్థానంలో ఉంటే నాకు చాలా రోజులు నిద్ర పట్టేది కాదు.

నువ్వు చేయాల్సింది ఒకటే. కావలసిన పావు దొరక్కపోతే గడియారం ఆపేసి ఆర్బిటర్ని పిలిచి అడుగు, దానికి నియమం ఒప్పుకుంటుంది. ఇంకా మంచిది, ఆట మొదలయ్యే ముందే బల్ల పక్కన రెండు రంగుల్లో అదనపు మంత్రి ఉందో లేదో చూసుకో. ఈ మధ్య 34 పావుల సెట్లు వస్తున్నాయి, ఆ ఎక్కువ రెండూ అవే.