నర్సు ఉద్యోగానికి ఇంత తక్కువ టైమ్‌లో టెస్టు పెట్టడం న్యాయమేనా?

చిత్తూరులో ఏళ్ల తరబడి ఐసీయూ డ్యూటీ చేసిన మీ అక్క, తిరుపతిలో ఒక ప్రైవేట్ ఆస్పత్రి పెట్టిన కంప్యూటర్ టెస్టులో 30 నిమిషాల్లో 50 ప్రశ్నలు పూర్తి చేయలేక ఉద్యోగం పోగొట్టుకుందని రాశారు. ఇది న్యాయమేనా అని అడిగారు. కాదనే నా అభిప్రాయం. అలాగని టైమే పెట్టకూడదని మాత్రం అనను.

నేను తిరుపతిలోనే స్టాఫ్ నర్సుగా చేరి ఇప్పుడు వార్డు ఇన్‌చార్జిగా ఉన్నాను. ఇలాంటి టెస్టులు రాశాను, కొత్తవాళ్లను తీసుకునే ప్యానెల్లోనూ కూర్చున్నాను. గుండె ఆగిన పేషెంట్‌కు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి, 3 నుంచి 5 నిమిషాలకోసారి అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. అక్కడ ఆలోచిస్తూ నిలబడే నర్సు నా వార్డులో నాకూ వద్దు. అలాంటి పనిని బొమ్మ మీద చేయించి, వాచీ పట్టుకుని చూడండి, ఎవరూ కాదనరు.

మీ అక్క రాసింది అది కాదు కదా. ఒక లెక్క చూడండి: 500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో వెళ్లాలి, సెలైన్ ఎక్కించే ట్యూబు సెట్టులో ఎంఎల్‌కు 20 చుక్కలు. నిమిషానికి సుమారు 42 చుక్కలు. టెస్టులో ఇదే లెక్క పేషెంట్ వయసు, షుగరు, పాత ఆపరేషన్ అన్నీ కలిపి నాలుగైదు లైన్ల ఇంగ్లీషులో వస్తుంది. ఒకసారి మా ప్యానెల్‌కు పలమనేరు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, పదో తరగతి దాకా తెలుగు మీడియం. పేపర్లో ఈ ప్రశ్న ఖాళీగా వదిలేసింది. సెలైన్ సెట్టు చేతికిచ్చి పెట్టమంటే, మైక్రోపోర్ టేపు ముక్క మీద లెక్క రాసుకుని, చుక్కల వేగం మార్చే రోలర్ తిప్పి, వాచీ చూస్తూ చుక్కలు లెక్కపెట్టింది. పేషెంట్ చేయి మడిస్తే రేటు మారుతుందని, కాసేపటికి మళ్లీ వెళ్లి చూసింది కూడా. టైమ్ చాలనిది ఇంగ్లీషు చదవడానికే, నర్సింగ్‌కు కాదు. పైగా మా వైపు పేషెంట్లతో తెలుగూ తమిళమూ రెండూ మాట్లాడగల నర్సుకు ఆ టెస్టులో ఒక్క మార్కూ లేదు!

నాకు ఇంకా చిరాకు తెప్పించేది వేరే ఉంది. హెపారిన్, ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి, డోసు తప్పితే ప్రమాదమయ్యే మందులు ఇచ్చేముందు ఇద్దరు నర్సులు విడివిడిగా చూసుకోవాలని, తొందరపడొద్దని మేమే నేర్పిస్తాం. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు మాత్రం అదే డోసు లెక్కను ఒంటరిగా, సుమారు అర నిమిషంలో చేయమంటాం.

ఎయిమ్స్ వాళ్లు నర్సుల ఎంపికకు పెట్టే నోర్సెట్ పరీక్ష ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలకు 90 నిమిషాలే, అంటే ప్రశ్నకు 54 సెకన్లు. దేశం నలుమూలల నుంచి వేలమంది రాస్తారు, వడపోత తప్పదు, సరే. అమెరికాలో లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్‌లో గరిష్ఠంగా 150 ప్రశ్నలు, దానికి 5 గంటలు. లైసెన్సు ఇచ్చేవాళ్లే అంత తీరిక ఇస్తుంటే, పది పోస్టులకు ముప్పై మంది వచ్చే ఆస్పత్రికి ఏం తొందర?

ఇక మీ అక్క సంగతి. మార్కులు మార్చమని అడగొద్దు, మార్చరు. హెచ్‌ఆర్‌కు కాకుండా నేరుగా నర్సింగ్ సూపరింటెండెంట్‌కు లెటర్ పెట్టి, వార్డులో ప్రాక్టికల్ చేసి చూపిస్తానని అడగమనండి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, బీఎల్ఎస్ (గుండె ఆగినవాళ్లకు ప్రథమ చికిత్స శిక్షణ) కార్డు ఉంటే అదీ జత చేయాలి. స్టాఫ్ కొరత ఉన్నచోట ఒప్పుకునే అవకాశం ఉంది. వేరేచోట రాయాల్సి వస్తే, టెస్టు ఎన్ని నిమిషాలు, నెగెటివ్ మార్కులు ఉన్నాయా అని ముందే ఫోన్ చేసి కనుక్కోమనండి. పెద్ద ప్రశ్న వస్తే చివరి లైనునే ముందుగా చదవాలి, అసలు అడిగేది అక్కడే ఉంటుంది. తర్వాత పైకి వెళ్లి కావలసిన అంకెలు మాత్రం ఏరుకుంటే చాలు, షుగరూ పాత ఆపరేషనూ చాలాసార్లు ఊరికే ఉంటాయి.