ఆటో నడిపేవాడి తలలో ఊరు

అమ్మాయ్,

కథ అందింది, బాగానే రాశావు. కానీ మూడో పేజీ దగ్గర నాకు కోపం వచ్చింది. ఏళ్ల తరబడి విజయవాడలో ఆటో తోలుతున్న మనిషి "నాలుగు వందల మీటర్లు వెళ్లి ఎడమకు తిరిగాడు" అని రాశావు. ఏ ఆటోవాడు అలా అనుకుంటాడమ్మా? అది ఫోన్‌లో మ్యాపు చెప్పే మాట. అతని మనసులో ఉండేవి అలంకార్ సెంటర్, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లు, కాలవ మీద వంతెన. నువ్వు పుట్టి పెరిగింది అక్కడేనని రాశావు, అందుకే ఇంకా బాధ. నీ ఊరంతా నీ ఫోన్‌లోనే ఉండిపోయింది.

లండన్‌లో నల్ల ట్యాక్సీ నడపాలంటే నగరం నడిబొడ్డున ఉన్న చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల లోపలున్న దాదాపు 25,000 వీధులు నోటికి రావాలి, నేర్చుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. 2000లో ఎలినార్ మగ్వైర్ అనే శాస్త్రవేత్త ఆ ట్యాక్సీవాళ్ల మెదళ్లు స్కాన్ చేసి చూస్తే, దారుల్ని గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే హిప్పోక్యాంపస్ వెనకభాగం మిగతావాళ్లకంటే పెద్దదిగా ఉంది. రోజూ ఒకే రూటులో తిరిగే బస్సు డ్రైవర్లతో పోల్చినా ట్యాక్సీ వాళ్లదే పెద్దదని 2006లో తేలింది. అంటే స్టీరింగ్ పట్టుకున్నందుకు కాదు, ఊరిని తలలో మోసినందుకు. 2017లో ఇంకో పరిశోధన వచ్చింది. స్కానర్‌లో పడుకుని, లండన్‌లోని సోహో పేట వీధుల్ని తెర మీద చూస్తూ సొంతంగా దారి వెతుక్కున్నవాళ్లకి కొత్త వీధిలోకి మళ్లినప్పుడల్లా హిప్పోక్యాంపస్ చురుకెక్కింది, యంత్రం చెప్పినట్టు తిరిగినవాళ్లలో ఆ కదలికే లేదు. దారి వెతుక్కోకపోతే వీధిని చూడం, చూడకపోతే ఇంక ఏం రాస్తాం?

కుర్రతనంలో నేనొక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, సాయంత్రాలు సైకిల్ మీద చందాలు వసూలు చేసేవాణ్ని. సత్యనారాయణపురంలో ఎవరింటి అరుగు ఎంత ఎత్తో, ఏ సందులో కుక్క వెంటపడుతుందో ఇప్పటికీ గుర్తే. నా కథల్లో సగం ఆ తిరుగుడులోంచి వచ్చినవే. నిడివి ఎక్కువైందంటూ అవన్నీ కొట్టేసే సంపాదకుడొకాయన ఉండేవాడు, చెట్టు తీసేసేవాడు, అరుగు తీసేసేవాడు, చివరికి ఏ ఊళ్లో జరిగిందో తెలియకుండా కథ అచ్చయ్యేది. ఆయన మీద కోపం ఇంకా పోలేదు. ఇప్పుడు మీరు ఆయనకి పని లేకుండా ముందే అవన్నీ వదిలేసి రాస్తున్నారు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు ఫోన్ ఇంట్లో పెట్టి చిట్టినగర్ వెళ్లు, సొరంగం దాటి అవతలికి నడు, దారి తప్పితే టీ కొట్టు దగ్గర అడుగు, వాళ్లు ఏ గుర్తులు చెబుతారో విను. ఇంటికొచ్చాక ఆ దారంతా కాగితం మీద గియ్యి. ఎక్కడ ఖాళీ మిగిలిందో మర్నాడు మళ్లీ అక్కడికే వెళ్లు. పత్రికల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.