1960ల నాటి కలర్ టీవీ తెర మీద బూజు లాంటి వలయాలు: పిక్చర్ ట్యూబ్ పోయినట్టేనా?

న్యూజెర్సీలో కొన్న ఇంటి బేస్‌మెంట్‌లో పాత యజమాని ఒక 1960ల నాటి కలర్ టీవీ వదిలి వెళ్ళారనీ, దాని తెర అంచుల వెంబడి తెల్లటి వలయాలు కనిపిస్తున్నాయనీ, చూడ వచ్చిన మెకానిక్ పిక్చర్ ట్యూబ్ పోయిందని తేల్చేశాడనీ రాసి, దాన్ని చెత్తలో పెట్టేయవచ్చా అని మీరు అడిగారు. పెట్టవద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి పాడైంది ట్యూబ్ కాదు, దాని ముఖానికి పట్టించిన జిగురు.

ఆ కాలపు ట్యూబుల్లో చాలావాటికి ముందువైపు రెండు అద్దాలు ఉంటాయి. లోపలిది ట్యూబ్ సొంత ముఖం కాగా, వెలుపలిది ట్యూబ్ పగిలితే పెంకులు మనుషుల మీదికి ఎగరకుండా అంటించిన రక్షణ అద్దం. లోపల శూన్యం ఉన్నందువల్ల 21 అంగుళాల గుండ్రటి ట్యూబ్ ముఖం మీద గాలి మోపే బరువే దాదాపు రెండు టన్నులు ఉంటుంది కనుక ఆ అద్దాన్ని అలంకారం అనుకోకూడదు. ఈ రెంటి మధ్య ఉన్న పారదర్శకమైన జిగురు పొర దశాబ్దాలు గడిచేకొద్దీ అంచుల దగ్గర పట్టు వదిలి, బుడగలు కట్టి, క్రమంగా మధ్యకు పాకుతుంది. ఇక్కడ అమెరికాలో పాత టీవీలు సేకరించే కలెక్టర్లు దీన్ని క్యాటరాక్ట్ (కంటి శుక్లం) అంటారు. చూడటానికి బూజులాగే ఉంటుంది కానీ బూజు కాదు. అద్దం పైన ఏ మందు పెట్టి ఎంత తోమినా పోదు.

అయితే చేతులు తడుపుకునే ముందు ట్యూబ్ బతికి ఉందో లేదో చూసుకోవాలి. వెనుక నెక్ (ట్యూబ్ సన్నని మెడ) దగ్గర గాజు లోపలి గోడకు గెట్టర్ పూత, అంటే లోపల మిగిలిన గాలిని పీల్చుకునే లోహపు పూత, కనిపిస్తుంది. అది వెండిలా మెరుస్తుంటే శూన్యం నిలిచి ఉన్నట్టు, పాలలా తెల్లబడితే గాలి చొరబడినట్టు. గాలి చొరబడితే ఇక చేయగలిగింది లేదు. ఆ తరువాత ఒక పిక్చర్ ట్యూబ్ టెస్టర్ సంపాదించి మూడు గన్నుల (మూడు రంగులకు ఎలక్ట్రాన్లు చిమ్మే భాగాల) ఎమిషన్, అంటే ఎలక్ట్రాన్లు చిమ్మే బలం, కొలవాలి. బీ అండ్ కే 467 లాంటి పాత టెస్టర్లు కలెక్టర్ల దగ్గర ఇప్పటికీ పనిచేస్తున్నాయి. ఎమిషన్ లేని ట్యూబ్‌కు ముఖం కడిగి ప్రయోజనం లేదు.

ఒహాయోలో కొలంబస్ దగ్గర మా పొరుగింటి పెద్దాయన సెట్‌కు నేను చేసిన పని మీకు పనికిరావచ్చు. కలర్ టీవీ కొన్న కొత్తలో, 1969లో చంద్రుడి మీద మనుషులు నడవటం చూద్దామని ఇంటిల్లిపాదీ కూర్చుంటే అది నలుపు తెలుపులో వచ్చిందని ఆయన ఇప్పటికీ విసుక్కుంటారు. పనిచేసేటప్పుడు కలర్ ట్యూబ్ యానోడ్ (హై వోల్టేజి తీగ తగిలించే చోటు) దగ్గర 25 వేల వోల్టుల వరకు ఉంటుంది, సెట్ ఆపిన తరువాత కూడా ఆ చార్జి మిగిలే ఉంటుంది; అందుచేత దాన్ని ఒకసారి గ్రౌండ్ చేసి (మిగిలిన చార్జిని దించేసి), కొంతసేపు ఆగి మళ్ళీ గ్రౌండ్ చేశాకే ట్యూబ్‌ను బయటికి తీశాను. నెక్ పట్టుకుని ఎత్తకూడదు. గట్టి గాజంతా ముఖం దగ్గర ఉంటే, ప్రాణం మాత్రం ఆ సన్నని నెక్‌లో ఉంటుంది.

గ్యారేజీలో ఒక ప్లాస్టిక్ తొట్టి అడుగున పాత తువ్వాళ్ళు మడత పెట్టి, ట్యూబ్‌ను బోర్లా దించి, రెండు అద్దాల అతుకు మునిగేంత వరకే చన్నీళ్ళు పోసి, వంటింటి సూవీడ్ హీటర్‌తో (నీళ్ళను ఒకే వేడిలో నిలిపి ఉంచే పరికరంతో) నెమ్మదిగా 60 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కించాను. ఆ హీటర్‌ను మా ఆవిడ మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు. రాత్రంతా నానిన తరువాత అంచున జిగురు తెల్లగా ఉబ్బి, వేలితో నొక్కితే తాటిముంజలా వణికింది; పుల్లటి వెగటు వాసన గ్యారేజీ అంతా కమ్మింది. ముఖకవచమూ మందపాటి చేతి తొడుగులూ వేసుకుని, అతుకులోకి చేపల గాలానికి కట్టే నైలాన్ దారం దూర్చాము. ఒక కొన ఆయన, మరో కొన నేను పట్టుకుని రంపంలా మార్చి మార్చి లాగుతూ, కోసినంత మేర ప్లాస్టిక్ చీలలు దోపుతూ పోయాము. చివరికి అద్దం చప్పుమని ఊడి చేతికి వచ్చింది. మిగిలిన జిగురు ప్లాస్టిక్ గరిటెతో గీకితే పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయింది.

కరెంటుతో వేడెక్కిన నిక్రోమ్ తీగతో (హీటర్లలో వాడే తీగ) జిగురును అరగంటలో కోసి చూపించే వీడియోలు మీకు తప్పక ఎదురవుతాయి. నా దృష్టిలో అది దుర్మార్గం. గాజు ఒకచోట కాలుతూ పక్కనే చల్లగా ఉంటే పగలటానికి ఇంకేమి కావాలి? పగిలిన ట్యూబ్‌ను ఎవరూ వీడియో తీసి పెట్టరు. ఇక మంచి ట్యూబ్‌ను పీకి పారేసి, ఆ టేకు రంగు పెట్టెలో చేపల తొట్టి పెట్టుకునే వారి గురించి మాట్లాడకపోవటమే మేలు.

మీ మెకానిక్ తీర్పు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు హైదరాబాద్‌లో మా ఇంటి బ్లాక్ అండ్ వైట్ సెట్ బొమ్మ మసకబారితే, కోఠి నుంచి వచ్చిన మెకానిక్ ట్యూబ్ లోపలి హీటర్ వోల్టేజిని 6.3 వోల్టుల కంటే కాస్త పెంచి మరికొంత కాలం నడిపించేవాడు. అక్కడ నేను చూసిన ట్యూబుల ముఖాలకు ఇలా అద్దం అంటించి ఉండేది కాదు, చుట్టూ ఉక్కు పట్టీ మాత్రమే ఉండేది; కనుక మసక అంటే ఎమిషన్ తగ్గటమే. ఆ లెక్క ఈ సెట్లకు పనికిరాదు.

శుభ్రం చేశాక రక్షణ అద్దాన్ని తప్పనిసరిగా తిరిగి పెట్టండి. పగులుడు నుంచి కాపాడటంతో పాటు, దాని బూడిద రంగు గది వెలుతురును కొంత మింగి బొమ్మకు నిండుదనం ఇస్తుంది. మధ్యలో పారదర్శకమైన రెజిన్ పోసేవారు ఉన్నారు కానీ, రేపు మరొకరు విప్పవలసి వస్తే ఆ రెజిన్ ఊడిరాదు కనుక నేను దానికి ఒప్పుకోను. అంచుల వెంట రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు వేసి, చుట్టూ గట్టి టేపుతో బిగించి, లోపల ఆవిరి పట్టకుండా పైనా కిందా చిన్న సందు వదిలితే చాలు.

ట్యూబ్ బయటికి తీయాలంటే నెక్ చుట్టూ ఉండే తీగచుట్ట, యోక్, విప్పాలి; విప్పే ముందు దాని స్థానం మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. అయినా తిరిగి బిగించాక ప్యూరిటీ (రంగుల స్వచ్ఛత), కన్వర్జెన్స్ (మూడు రంగుల బొమ్మలు ఒకదాని మీద ఒకటి కలవటం) మొదటి నుంచి సరిచేసుకోక తప్పదు, దానికి తెర మీద చుక్కలు చూపించే డాట్ జనరేటర్ కావాలి. ఇక్కడి పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు 2009 జూన్ 12తో ఆగిపోయాయి కనుక, బొమ్మ కోసం మూడో చానల్‌లో సిగ్నల్ ఇచ్చే కన్వర్టర్ పెట్టెను యాంటెన్నా స్క్రూలకు కలపండి. ఇదంతా మీ వల్ల కాదనిపిస్తే ఒహాయోలోని హిల్లియర్డ్‌లో ఉన్న ఎర్లీ టెలివిజన్ మ్యూజియానికి ఫొటోలతో ఒక ఉత్తరం రాయండి. అక్కడికి వచ్చిపోయే కలెక్టర్లలో ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు. ఆ ఫొటోల్లో గెట్టర్ స్పష్టంగా కనిపించాలి, వారు మొదట అడిగేది అదే.